చెవికి తెలిసిన ఫ్రెంచి, చేతికి రాని ఫ్రెంచి

మారిషస్‌లో ఫ్రెంచి చెవిన పడని పిల్లలు ఉండరు. ఇంటిలో క్రియోల్ మాత్రమే మాట్లాడే కుటుంబంలో కూడ ఉదయపు రేడియో వార్తలు ఫ్రెంచిలో వినబడతాయి. దినపత్రికలు ఫ్రెంచివి. దుకాణాల పలకలు, బ్యాంకుల ప్రకటనలు, టెలివిజన్‌లో డబ్బింగు చేసిన కార్టూన్లు, ఫుట్‌బాల్ వ్యాఖ్యానం, ఇవన్నీ అధికభాగం ఆ భాషలోనే ఉంటాయి. అయినను ఆ పిల్లలే పదకొండు పన్నెండేండ్ల వయస్సులో కాలేజీలో అడుగుపెట్టి ఒక పుట వ్యాసం వ్రాయవలసి వచ్చేసరికి తడబడుతున్నారు. (మాధ్యమిక పాఠశాలను కాలేజీ అనడం మన దేశపు వాడుక.) వినగలిగిన భాషను వ్రాయలేకపోవడం ఎందుకు జరుగుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానంగా నేడు విద్యావేత్తలు ముందుకు తెస్తున్న మాట మల్టీమోడల్ లిటరసీ. దీనిని మేము బహువిధ అక్షరాస్యత అని తెలుగు చేసుకొంటున్నాము. ఆ మాటలో ఉన్న సారమెంత, ఆర్భాటమెంత అని ఈ వ్యాసంలో పరిశీలిస్తాము.

2017లో తొమ్మిదేండ్ల విద్యావిధానం అమలులోకి వచ్చినప్పటినుండి గ్రేడ్ 7, 8, 9 తరగతులకు ప్రాముఖ్యం పెరిగింది. ప్రాథమిక విద్య చివర పీ.ఎస్.ఏ.సీ., తొమ్మిదవ తరగతి చివర ఎన్.సీ.ఈ. అనే జాతీయ పరీక్షలు ఉన్నాయి. ఈ రెండు మెట్ల నడుమనే పిల్లలకు ఫ్రెంచి ఒక మాటల మూటగా ఉండక వ్రాతభాషగా మారవలసి ఉంటుంది. పీ.ఎస్.ఏ.సీ. గట్టెక్కని పిల్లలకోసం ఈ మూడేండ్ల చదువును నాలుగేండ్లకు పొడిగించిన పథకమొకటి తెచ్చారు. దాని ఫలితాలపై దేశంలో విమర్శ తీవ్రంగానే సాగింది. గడువు పొడిగించారు గాని బోధించే తీరు మారలేదన్నది మా అభిప్రాయం.

ఫ్రెంచి ఈ దీవిలో ఇంత బలంగా నిలవడానికి కారణం చరిత్రలో ఉన్నది. 1715నుండి 1810వరకు ఇది ఫ్రెంచివారి పాలనలో ఉన్న దీవి. 1810లో ఆంగ్లేయులు దీనిని గెలుచుకొన్నా, ఇక్కడి నివాసులు తమ మతమును, చట్టములను, ఆచారములను నిలుపుకొనవచ్చునని లొంగుబాటు ఒప్పందంలో అంగీకరించారు. పాలన ఆంగ్లంలోకి మారింది. సమాజం ఫ్రెంచిలోనే మిగిలింది. నేటికీ శాసనసభ అధికారభాష ఆంగ్లమే, అయితే సభ్యులు ఫ్రెంచిలో కూడ సభాధ్యక్షుని సంబోధించవచ్చునని రాజ్యాంగం చెబుతున్నది. 1834 తరువాత చెరకు తోటలకు వచ్చిన మన పూర్వులు ఈ రెండు భాషల నడుమ దిగారు. కోరంగి రేవునుండి వచ్చినందున తెలుగువారిని ఇక్కడ కొరింగీలు అన్నారు. వారు నేర్చుకొన్నది ఫ్రెంచీ కాదు, ఆంగ్లమూ కాదు. తోటలో పక్కవాడు చేయి చూపి, కొడవలి చూపి, అరచి చెప్పిన క్రియోల్. చూపు, సైగ, స్వరం అన్నీ వారికి అందాయి. అందనిది అక్షరమొక్కటే. ఒప్పందపత్రం మీద ఏమున్నదో చదవలేక, సంతకం రానివారు గుర్తు పెట్టి ఊరుకొన్నారు. అక్షరం అందకపోతే ఏమవుతుందో మనకంటె బాగా ఎరిగినవారు తక్కువ. అందువలన బొమ్మ వచ్చింది గనుక అక్షరం ఎందుకనే వాదాన్ని మేము ఒప్పుకోలేము.

ఇక అసలు కష్టం ఎక్కడ ఉన్నదో చూద్దాము. తెలుగును తిరిగి నేర్చుకొంటున్న మన పాఠకులకు ఇది సులభంగా తెలుస్తుంది. తెలుగులో వ్రాసినదానిని వ్రాసినట్లే పలుకుతాము. ఫ్రెంచిలో అలా కాదు. 'అతడు మాట్లాడుతాడు' అన్నా, 'వారు మాట్లాడుతారు' అన్నా ఫ్రెంచిలో వినిపించేది 'ఇల్ పార్ల్' అనే ఒకే మాట. కాగితం మీద మాత్రం రెండవదానిలో సర్వనామానికి ఎస్ చేరుతుంది, క్రియ చివర ఈ, ఎన్, టీ అనే మూడు అక్షరాలు వస్తాయి. వాటిలో ఏదీ పలుకరు. బహువచనం కంటికి కనబడుతుంది, చెవికి వినబడదు. పన్నెండేండ్లు చెవితో మాత్రమే ఫ్రెంచి ఎరిగిన పిల్లవానికి ఆ అక్షరాలు ఉన్నాయని ఎలా తెలియాలి?

దీనికి తోడు క్రియోల్ ఉన్నది. క్రియోల్ మాటలలో అత్యధికభాగం ఫ్రెంచినుండి వచ్చినవే, అయితే వ్యాకరణం దాని సొంతం. ఫ్రెంచిలో పక్షిని 'వాజో' అంటారు. 'పక్షులు' అన్నప్పుడు ముందున్న పదపు చివరి ధ్వని కలిసి 'లే జ్వాజో' అని వినిపిస్తుంది. ఆ కలిసిన ధ్వనితోనే క్రియోల్‌లో ఒక్క పక్షి కూడ 'జ్వాజో' అయింది. బల్లను ఫ్రెంచిలో 'తాబ్ల్' అంటారు, దాని ముందు 'లా' అనే ఉపపదం వస్తుంది. క్రియోల్‌లో ఆ రెండూ అతుక్కొని 'లాతాబ్' అనే ఒకే మాట అయింది. నీరు 'దిలో' అయిన తీరూ ఇదే. కనుక మన పిల్లలు ఫ్రెంచిలో 'ఒక బల్ల' అని వ్రాయవలసినచోట 'ఒక' అనే ఉపపదం తరువాత 'లా' కూడ వ్రాస్తారు. దానిని ఎర్రసిరాతో కొట్టివేసి 'అజాగ్రత్త' అని వ్రాయడం మన తరగతులలో పాత అలవాటు. నిజానికి అది అజాగ్రత్త కాదు. తన భాషకు పిల్లవాడు చూపిన విధేయత. క్రియోల్‌లో 'కోఁతాఁ' అంటే ఇష్టపడటం. ఫ్రెంచిలో అదే ధ్వనిగల మాటకు సంతోషంగా ఉండటమని అర్థం. క్రియోల్ నామవాచకాలకు లింగం లేదు, క్రియకు వచనాన్నిబట్టి మార్పు లేదు. దూరపు భాషను నేర్చుకొనేవాడు ప్రతి అడుగూ చూసి వేస్తాడు. దగ్గరి భాషను నేర్చుకొనేవాడు తెలిసిన దారే గదా అని నడిచి గోతిలో పడతాడు.

క్రియోల్‌కు 2011లో అధికారికమైన లిపిపద్ధతి ఏర్పడింది. 2012నుండి ప్రాథమిక పాఠశాలలలో ఐచ్ఛిక విషయంగా బోధిస్తున్నారు. ఇది ఫ్రెంచికి అడ్డు అని భయపడే తల్లిదండ్రులు మన వారిలోనూ ఉన్నారు. మేము అలా అనుకోము. 'జ్వాజో' అన్న క్రియోల్ వ్రాత, ఫ్రెంచి వ్రాత పక్కపక్కన పెట్టి చూపగలిగిన ఉపాధ్యాయునికి నల్లబల్ల మీద సగం పాఠం అయిపోయినట్లే. ఒకే ధ్వని, రెండు వ్రాతలు, రెండు వ్యాకరణాలు. చూపవలసినది అదే.

బహువిధ అక్షరాస్యత అనే ఆలోచన కొత్తది కాదు. 1994లో అమెరికాలోని న్యూ లండన్ అనే ఊరిలో పదిమంది పండితులు సమావేశమై చర్చించిన విషయాలు 1996లో హార్వర్డ్ విద్యాపత్రికలో ప్రకటితమైనవి. భాష, దృశ్యం, ధ్వని, సైగ, స్థలవిన్యాసం అనే ఐదు విధాల ద్వారా మనిషి అర్థాన్ని కల్పిస్తాడని, చదువంటే వీటన్నిటినీ కలిపి చదవగలగడమని, కలిపి రచించగలగడమని వారు ప్రతిపాదించారు. వారిలో ఒకరైన గుంథర్ క్రెస్ బొమ్మకు కూడ ఒక వ్యాకరణముంటుందని వాదించినవాడు. ఈ ప్రతిపాదనలో చాలమంది వదిలివేసే మాట ఒకటున్నది: 'కలిపి'. తరగతిలో వీడియో చూపించి, పిదప మామూలుగా వ్యాకరణపు అభ్యాసాలు చేయించితే అది బహువిధ బోధన కాదు. పాఠానికి ముందు పెట్టిన తాయిలం మాత్రమే. 2020లో కోవిడ్ వలన పాఠశాలలు మూతపడినప్పుడు టెలివిజన్‌లో పాఠాలు ప్రసారం చేశారు. అది అవసరమైన ప్రయత్నమే. అయితే తెర మీద ఉపాధ్యాయుడు పుస్తకం చదివి వినిపించినంతమాత్రాన విధాలు పెరగవు. పుస్తకం గోడకు ఎక్కినట్లవుతుంది, అంతే.

నిజమైన ఉదాహరణ కావాలంటే మన దీవిలో ప్రతి వేసవిలో దొరుకుతుంది. తుఫాను హెచ్చరికనే తీసుకొందాము. నవంబరునుండి మే వరకు వాతావరణశాఖవారి ప్రకటనలు రేడియోలో వింటాము, పటంలో తుఫాను మార్గం చూస్తాము, ఫోనులో వ్రాతప్రతి చదువుతాము. ఒకటినుండి నాలుగువరకు హెచ్చరిక శ్రేణులుంటాయి. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వీచే ఈదరగాలులు ఆ ప్రకటనలలో మాటిమాటికి వచ్చే అంకె. బడి ఉంటుందో ఉండదో తెలుసుకోవాలనే ఆరాటంతోనైనా పిల్లలు ఆ ప్రకటనను వినేంత శ్రద్ధగా మరే ఫ్రెంచినీ వినరు. ఆ శ్రద్ధను తరగతిలోకి తేవడమే ఉపాధ్యాయుని పని.

గ్రేడ్ 8 తరగతిలో ఈ పాఠం ఎలా నడవవచ్చునో ఊహించండి. మొదట పటం మాత్రమే చూపాలి. బాణం ఎటు పోతున్నది, దీవి ఎక్కడున్నది, అంకెలు దేనివి అని అడగాలి. సమాధానం క్రియోల్‌లో వచ్చినా సరే. పిదప ధ్వని మాత్రమే వినిపించాలి. ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. ఫ్రెంచిలో 'పాస్రా' అంటే తుఫాను దీవికి దగ్గరగా వెళ్ళుతుంది అని నిశ్చయార్థం. 'పాస్రే' అంటే వెళ్ళవచ్చును అని సంభావన. తేడా ఒక అచ్చు మాత్రమే. క్రియోల్‌లో ఈ అర్థాలను క్రియకు ముందు వేరు మాటలు చేర్చి చెబుతాము గనుక, మన పిల్లల చెవి క్రియ చివరను పట్టించుకోదు. మూడవసారి వ్రాతప్రతి చేతికిచ్చి, విన్న అచ్చు ఏ అక్షరాలలో దాగి ఉన్నదో వెతికించాలి. చివరకు ప్రతి జట్టూ తన ఊరికి సొంత ప్రకటన తయారుచేయాలి: పటం గీయాలి, వ్రాయాలి, గొంతు రికార్డు చేయాలి. పటంలో బాణాన్ని చుక్కల గీతగా వేసినవాడు వాక్యంలో సంభావన వాడాడా, లేక నిశ్చయమే వ్రాశాడా? బొమ్మ ఒకటి చెప్పి వాక్యం ఇంకొకటి చెబితే తప్పు పిల్లవానికే కనబడుతుంది. ఎర్రసిరా అక్కరలేదు.

2024 జనవరిలో బెలాల్ తుఫాను వచ్చినప్పుడు పోర్ట్ లూయీ వీధులలో వరద కార్లను కొట్టుకొని పోయిన దృశ్యాలు అందరికీ గుర్తున్నాయి. ప్రకటనలోని ఒక క్రియాపదాన్ని సరిగా చదవడం పరీక్షకు మాత్రమే సంబంధించినది కాదని పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొక ఉదాహరణ మన ఇంటికి మరింత దగ్గరిది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భారతీయ వలస కూలీల దస్తావేజులు భద్రపరచబడి ఉన్నాయి. ఆ ఒప్పంద వలస పత్రాలకు 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో స్థానం లభించింది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో కూలీల ఛాయాచిత్రాలు కూడ తీశారు. ఒక్కొక్కరికి ఒక సంఖ్య, ఒక పేరు, ఒక ముఖం. పేరు ఎలా వ్రాయబడినదో చూడండి: గుమాస్తా తన చెవికి వినబడినట్లు రోమన్ అక్షరాలలో వ్రాసుకొన్నాడు. నాయుడు, అప్పన్న, అప్పలస్వామి అన్న పేర్లు మన కుటుంబాలలో నేడు పలు రకాల అక్షరక్రమాలతో ఉండటానికి కారణమదే. ధ్వనికీ అక్షరానికీ మధ్య ఉన్న తగవు ఇదివరకే మన ఇంటిపేర్లలోకి ఎక్కింది.

అటువంటి ఒక ఛాయాచిత్రాన్ని గ్రేడ్ 9 పిల్లల ముందుంచి ఫ్రెంచిలో వర్ణించమనడం కంటె మంచి వ్యాసవిషయం మాకు తోచదు. భూతకాలంలో వర్ణనకు ఒక క్రియారూపం, సంఘటనకు మరొకటి ఫ్రెంచిలో ఉన్నాయి. 'అతడు తలపాగా ధరించి ఉండెను' అన్నప్పుడు మొదటిది. 'అతడు ఓడ దిగెను' అన్నప్పుడు రెండవది. వ్యాకరణపుస్తకంలో పిల్లలు ఈ భేదాన్ని ఏండ్లతరబడి తారుమారు చేస్తారు. ఛాయాచిత్రం ముందు కూర్చుంటే భేదం తేటపడుతుంది: కంటికి కనబడుతున్నదంతా మొదటి రూపంలోకి వెళుతుంది, దస్తావేజులో తారీఖుతో ఉన్నది రెండవ రూపంలోకి వెళుతుంది. చిత్రమొక కాలం, రిజిస్టరు మరొక కాలం.

ఈ పని సాహిత్యస్థాయిలో చేసి చూపినవారు మనలో ఉన్నారు. 1973లో మారిషస్‌లో తెలుగు మూలాలుగల కుటుంబంలో జన్మించి ఫ్రెంచిలో రచనలు చేస్తున్న నతాషా అప్పన్న తన మొదటి నవలను 2003లో ఈ వలస కూలీల రాకను గురించే వ్రాసింది. 2023లో వెలువడిన మరొక పుస్తకంలో తన పూర్వులు ఈ దీవికి వచ్చిన కథను, తన తాతయ్య, నానమ్మల జీవితాన్ని స్మరించింది. ఆమె పుస్తకాన్ని పన్నెండేండ్ల పిల్లలు మొత్తంగా చదవలేరు. ఒక పుటను చదవగలరు. కాలేజీలలో ఫ్రెంచి సాహిత్యమంటే ఇప్పటికీ 1788నాటి పాల్, వర్జినీల కథ గుర్తుకు వచ్చేవారు చాలమంది ఉన్నారు. ఆ నవలమీద మాకు కోపం లేదు. క్యూర్‌పిప్‌లో ఆ జంట శిల్పాన్ని చూపి దానినీ ఇదే పద్ధతిలో చెప్పవచ్చును. కాని అందులో మనము లేము.

అభ్యంతరాలు లేకపోలేదు. వాటిలో బలమైనది పరీక్షను గురించినది. పిల్లవాడు పటం గీసి, గొంతు రికార్డు చేసి, వాక్యం సరిదిద్దుకొన్నా, చివరకు మార్కులు వచ్చేది కాగితం మీద కలంతో వ్రాసినదానికే. ఉపాధ్యాయులు ఈ విషయం చక్కగా ఎరుగుదురు, తల్లిదండ్రులు ఇంకా చక్కగా ఎరుగుదురు. సాయంత్రం ట్యూషన్‌లో గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు చేయించేవారికే డబ్బు చెల్లిస్తారు. పరీక్షలో చిత్రాన్నో, పటాన్నో, విన్న ధ్వనినో ఆధారం చేసుకొని వ్రాయించే ప్రశ్నకు గట్టి భాగం కేటాయించనంతకాలం ఈ పద్ధతి ఉత్సాహవంతులైన కొద్దిమంది ఉపాధ్యాయుల సొంత వ్యవహారంగానే మిగిలిపోతుంది. మారిషస్ విద్యాసంస్థ తయారుచేసే పాఠ్యపుస్తకాలలో బొమ్మలకు కొరత లేదు. బొమ్మను చదవడం నేర్పామా లేదా అని కొలిచే ప్రశ్నకే కొరత.

యంత్రాలను గురించిన వాదంలో మాకు అంత ఆసక్తి లేదు. 2018నుండి ప్రాథమిక తరగతుల చిన్నపిల్లలకు టాబ్లెట్లు ఇచ్చారు. అవి ఉంటే మంచిదే. పైన చెప్పిన తుఫాను పాఠానికి ఒక రేడియో, ఒక పత్రిక కత్తిరింపు, ఒక సుద్దముక్క చాలును.

మమ్ములను నిజంగా కలవరపెట్టే అభ్యంతరం వేరొకటి. చదవడమే సరిగా రాకుండ కాలేజీకి వచ్చిన పిల్లవానికి బొమ్మలతో, ధ్వనితో పని ఇస్తే అతడు ఆనందంగా చేస్తాడు, తరగతి కళకళలాడుతుంది, ఏడాది చివర అతనికి చదవడం మాత్రం రాదు. జట్టులో చదువు వచ్చినవాడు వ్రాస్తాడు, రానివాడు బొమ్మ గీస్తాడు. ఇద్దరికీ మెచ్చుకోలు దక్కుతుంది. ఇది ఊహామాత్రమైన భయం కాదు. దీనికి విరుగుడు ఒక్కటే: ప్రతి పిల్లవాడూ, ఎంత చిన్నదైనా సరే, ఒక వాక్యమైనా తన చేతితో వ్రాయకుండ ఏ బహువిధ పాఠమూ ముగియకూడదు. నియమం కఠినంగానే ఉన్నది. పొడిగించిన పథకంలోని పిల్లలకు ఇది మరింత కఠినంగా వర్తించాలని, వారి తరగతిలో పిల్లల సంఖ్య తక్కువగా ఉండాలని మా అభిప్రాయం.

ఈ చర్చ తెలుగుకు ఎలా వర్తిస్తుందని పాఠకులు అడుగుతారు. మన పిల్లలకు ఫ్రెంచి విషయంలో చెవి నిండుగా ఉన్నది, చేయి ఖాళీ. తెలుగు విషయంలో చెవి కూడ సగమే నిండింది. రామభజన రాత్రి దీపం చుట్టూ తిరుగుతూ పెద్దలతో కలిసి పాటంతా పాడే పిల్లలున్నారు. వారికి రాగం తెలుసు, అడుగు తెలుసు, ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలుసు, అర్థం తెలియదు. చేతిలో ఉన్న పుస్తకంలో పాట రోమన్ అక్షరాలలో ఉంటుంది. ఆ అక్షరాలలో 'న', 'ణ' ఒకటైపోతాయి, 'త', 'ట' ఒకటైపోతాయి, దీర్ఘాలు మాయమవుతాయి. గుమాస్తా మన పేర్లకు చేసినది మనమే మన పాటలకు చేసుకొంటున్నాము. తెలుగు లిపిలో అయితే విన్నది విన్నట్లే కాగితం మీద నిలుస్తుంది. ఫ్రెంచి నేర్చుకొనేవానికి లేని సౌకర్యమది. ఈ ఉగాదికి కొన్ని ఊళ్ళలోనైనా భజన పుస్తకంలో ఒక్కొక్క పాట ఎదుటి పుటలో తెలుగు లిపిలో వ్రాసి, కింద ఫ్రెంచిలోనో క్రియోల్‌లోనో అర్థం చేర్చవచ్చును. వ్రాసేది గ్రేడ్ 8 పిల్లలైతే, సరిచూసేది ఆ పాట కంఠస్థంగా ఉన్న అవ్వలైతే మరీ మంచిది.